పసుపు నూలు తీసేశాక

వెంకట్రాం ఇంటి వెనక ఇటుకలు దించడం దాకా పోయిన వారం చూశాం. కొడకండ్ల బజారులో వాళ్లది మూడు తరాల కిరాణా దుకాణం. ముందు దుకాణం, నడుమ రెండు గదులు, వెనక వంటిల్లు. రెండు పక్కలా ఇరుగు పొరుగు గోడలు అతుక్కుని ఉంటాయి కనక ఇంటి లోపలికి పగటి వెలుతురు వచ్చే దారి వంటింటి కిటికీ ఒక్కటే. భూపాలపల్లిలో ఉండే ఆ ఇంటి ఆడబిడ్డ స్రవంతి వెంటబెట్టుకొచ్చిన వాస్తు సిద్ధాంతి, ఇంటికి నైరుతిలో తెరుచుకున్న కన్ను అది, అమావాస్యలోగా మూసెయ్యండి అని చెప్పి వెళ్లాడు. వెంకట్రాం భార్య సునంద వద్దంది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి ‘వద్దు’ అది. ఎవరూ విననట్టే ఉన్నారు. రేపే అమావాస్య.

మేస్త్రీ దస్రు మధ్యాహ్నం తిండి వేళ దాటాక వచ్చాడు. మానుకోట దగ్గరి తండా అతనిది. సునంద పుట్టిల్లు కూడా మానుకోటే కావడంతో ఆమెను అక్కా అంటాడు. చువ్వల చట్రం నిన్ననే ఊడదీసి పెట్టాడు. వంటింట్లో నిలబడి కిటికీ అంచు మీద సిమెంటు మాలు పరిచి మొదటి వరస పేర్చాడు.

“కిటికి పెట్టాలంటే రెండు దినాలు పడతది అక్కా. మూసుడు పొద్దుగూకే వరకైతది. యాడైనా గంతే,” అన్నాడు తాపీతో మాలు తీస్తూ.

సునంద చేటలో కందిపప్పు పోసుకుని గోడవారగా కూర్చుంది. ఇటుక వరస లేచిన కొద్దీ నేల మీద వెలుతురు ఆమెకు దూరం జరుగుతోంది. ముందు ఒళ్లోంచి పోయింది. తర్వాత చేటలోంచి పోయింది. ఆమె చేటతో పాటు జరిగి కూర్చుంది. మళ్లీ జరగాల్సి వచ్చింది. మూడోసారి ఇక జరగలేదు. రాళ్లేవో పప్పేదో తెలియని చీకట్లో చేతివేళ్లతో తడుముతూ ఉండిపోయింది.

అత్తగారు లక్ష్మీనర్సమ్మ గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని, అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ పని చూస్తోంది. వారం నుంచి ఆమెకు ఒళ్లంతా ఒకటే దురద. కోడలు మార్చిన కొత్త సబ్బే కారణమని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. అన్నం కూడా సగం కంచంలోనే వదిలేస్తోంది. అదీ కోడలి వంట మీదికే పోయింది.

ఇటుకలు గుండె ఎత్తుకు వచ్చాక ఆమె దస్రును పిలిచింది. “జర చాయ్ తాగిరాపో దస్రూ. దుకాణంల వెంకట్రాం సేటు ఉన్నడు, తెప్పిస్తడు.”

దస్రు చేతులు దులుపుకుని వెళ్లాడు. వంటింట్లో ఇద్దరే మిగిలారు. సునంద చేట పక్కన పెట్టింది. రాత్రంతా మనసులో పేర్చుకున్న మాట ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ అడగలేనని ఆమెకు తెలుసు.

“అత్తమ్మా, ఒక మాట అడుగుత. కోపం చెయ్యకుండ్రి. సిద్ధాంతి వచ్చిననాడు దుకాణం చూడలే, దేవుని అర్ర చూడలే. సీదా వచ్చి గీ కిటికి ముందల నిలబడ్డడు. ఈడ కిటికి ఉందని ఆయనకెట్ల తెలుసు?”

“చెప్తే తెలిసింది.”

“ఎవలు చెప్పిండ్రు?”

“నేనే.” లక్ష్మీనర్సమ్మ గొంతు పెంచలేదు. “నేను స్రవంతికి చెప్పిన, అది ఆయనకు చెప్పింది. ఇండ్ల వాస్తు లేదు, గీస్తు లేదు. నీ పరువు బజాట్ల పడొద్దని వాస్తు పేరు పెట్టిన. నువ్వేమో వద్దంటవు.”

“నా పరువా?”

“పొద్దుగాల లేస్తే కిటికి కాడ. పప్పేరుతుంటె కిటికి కాడ. దీపం పెట్టే యాల్లకు కిటికి కాడ. మొన్న పాలు పొంగి పొయ్యారిపాయె, నీకు సోయి లేదు. ఆడిదాని సోయి ఊకెనే పోదు పిల్లా. అవుతల ఎనకింటి కళావతి మరిది ఉన్నడు. బొంబాయి దిక్కు భివండి నుంచి వచ్చినోడు. పెండ్లాం లేనోడు.”

సునందకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది.

“అమరా?”

“పేరు సుత ఎరికే.”

“ఊరందరికి ఎరికే అత్తమ్మా. మన దుకాణంలనే బెల్లం కొంటడు.”

“బెల్లం దుకాణంల కొంటడు, మంచిదే. కిటికి కాడ ఏం కొంటడు? నేను చూడలేదనుకున్నవా? వాడు రెండు చేతులు లేపుతడు. నువ్వు ఒక చెయ్యి దిక్కు ఏలు చూపిస్తవు. ఏంది గా సైగ?”

“ఒక చేతిల మందారం రంగు నూలు, ఒక చేతిల దానిమ్మ రంగు నూలు పట్టుకున్నడు. ఆకుపచ్చ చీరెకు ఏ అంచైతె బాగుంటదని అడిగిండు. దానిమ్మ అని చూపిచ్చిన. కళావతక్క పక్కనే ఉండె.”

“నువ్వెవలు చెప్పెతందుకు? నీకు మగ్గమున్నదా? నువ్వా చీరె కట్టేదున్నదా?”

నిజమే, సునందకు మగ్గం లేదు. చీరె కట్టేదీ లేదు.

మూడేళ్ల కిందటి దాకా ఆ కిటికీలోంచి చూడడానికీ ఏమీ ఉండేది కాదు. జానెడు దూరంలో వెనకింటి మట్టిగోడ ఉండేది. ఆ ఏటి ముసురుకు అది నాని కూలింది. తెల్లారి పాలగిన్నె పొయ్యి మీద పెట్టి తలెత్తిన సునందకు వెదురు బొంగుల మీద చుట్టలుగా ఆరేసిన నూలు చిలపలు కనిపించాయి. కళావతి వాళ్లు సాలెవాళ్లు. నూలుకు రంగు వేసి ఇంటి వెనకే ఆరేస్తారు. ఆ రోజు నీలం. నీళ్లోడుతూ, కింది కొసన చిక్కగా, పైకి పోయే కొద్దీ పలచగా ఉన్న నీలం. పుట్టి బుద్ధెరిగాక ఇంత నీలాన్ని ఒక్కచోట చూడలేదని అనుకుంది. అప్పట్నుంచీ రోజూ చూస్తోంది.

చూడగా చూడగా ఒక సంగతి తెలిసింది. ఏ రంగూ ఒంటరిగా ఉండదు. తెల్ల నూలు పక్కన వెలవెలబోయిన ఎరుపే నల్ల నూలు పక్కన వేస్తే నిప్పులా లేస్తుంది. అది తెలిశాక ఆమె దుకాణంలోకి వెళ్లి, కందిపప్పు బస్తాకూ శనగపప్పు బస్తాకూ నడుమ మినుములు పెట్టించింది. ఈసారి పప్పు మంచిగొచ్చిందన్నారు కొనేవాళ్లు. అదే మిల్లు, అదే పప్పు. వెంకట్రాం అది శుక్రవారం పూజ మహిమ అనుకున్నాడు. ఆమె సరిదిద్దలేదు.

మనుషుల సంగతీ ఆ నూలు దగ్గరే తెలిసింది. అంతకుముందు ఆమెకు అత్తగారంటే ఒకే రంగు. ఇప్పుడు చూస్తే, కూతురు పక్కన కూర్చున్న లక్ష్మీనర్సమ్మ ఒకరు, కొడుకు పక్కన ఇంకొకరు, దేవుడి గదిలో ఒక్కతే కూర్చున్నప్పుడు ఎవరో చిన్నపిల్ల. ఆమె మీద కోపం పోలేదు గానీ ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసింది. అదివరకు వంటింట్లో ఆమె చేతులు పనిచేస్తుంటే మనసు మూలన పడి ఉండేది. గోడ కూలాక మనసు కూడా పనిలోకి దిగింది.

ఇదంతా ఎట్లా చెప్పడం? ఎవరికి చెప్పడం?

“సరే,” అంది లక్ష్మీనర్సమ్మ. “మొగోని కోసం కాదనుకుందాం. మరి దేనికోసమో నువ్వే చెప్పు.”

“ఊకెనే అత్తమ్మా. మంచిగుంటది.”

“మంచిగుంటదని గంటలు గంటలు నిలబడతరా ఎవలన్న?”

“ఒక్కపారి వచ్చి చూడుండ్రి. ఇంకా సగం తెరిచే ఉన్నది కద. చూసినంక మూయిద్దురు.”

లక్ష్మీనర్సమ్మ మోకాళ్ల మీద చేతులానించి లేచింది. దొంగను పట్టుకోవడానికి వెళ్లే నడకలో వెళ్లి, తడి ఇటుకల మీదుగా మెడ చాచి అవతలికి చూసింది. అమర్ లేడు, పొద్దున్నే చీరెలు తీసుకుని జనగామ పోయాడు. వాకిట్లో కళావతి ఒక్కతే ఉంది. బొంగుల నిండా పసుపు నూలు. ఒక కొసన మాత్రం నాలుగు ఎర్ర చిలపలు. పడమటి ఎండ వాటి మీద ఏటవాలుగా పడి, వాకిలి వాకిలంతా పసుపు కలిపిన నీళ్లలో మునిగినట్టుంది.

“నూలు,” అంది లక్ష్మీనర్సమ్మ. “గింతేనా?”

“గింతే.”

ఆమె వెనక్కి తిరగలేదు. సునంద వచ్చి పక్కన నిలబడింది.

“ఎర్రయి గా కొసకెందుకేసిండ్రు?” అంది అత్తగారు ఉన్నట్టుండి. “నడుమ ఏస్తె మంచిగుండు కద.”

“నాక్కూడ గట్లనే అనిపిచ్చింది. ఎరుపు కారి పచ్చదానికి అంటుతదని దూరం ఏస్తరట.”

“ఊఁ. అయినా నడుమనే ఏసేదుండె.” ఆమె గొంతులో పట్టు సడలింది. “చిల్పూర్ల మా అమ్మగారింట్ల మిరపకాయలు ఆరబోస్తే నేను మిద్దెక్కి చూస్తుంటి. మీదికెళ్లి చూస్తె ఎర్ర సముద్రమే. ఒకనాడు మా నాయిన చూసిండు. మిద్దె మీద నీకేం పని, ఎవన్ని చూస్తున్నవు, కాళ్లిరగ్గొడ్త దిగుమన్నడు. మల్ల ఎక్కలే.”

ఎవన్నీ చూడలేదు కదా మీరు అని సునంద అడగలేదు. ఆ మాట ఇద్దరి నడుమా ఇటుకల మీద కూర్చునే ఉంది.

ఆమె అత్తగారి ముఖం వైపు చూసింది. బయటి పసుపంతా ఎగిరొచ్చి ఆ ముడతల మీద వాలింది. నుదురు, బుగ్గలు, ముక్కుపుడక కింది నీడ అన్నీ పసుపు పూసిన గడపలా మెరుస్తున్నాయి. ఇన్నేళ్లలో ఆ ముఖాన్ని ఇంత దగ్గరగా, ఇంత వెలుతురులో చూడలేదు. బాగుంది అనుకుంది సునంద. నిజంగానే బాగుంది.

అవతల కళావతి ఆకాశం చూసి, పొద్దు వాలుతోందని నూలు తీయడం మొదలుపెట్టింది. ఒక్కో చిలపా మెలితిప్పి భుజాన వేసుకుంటోంది. “చూస్తున్నవా అక్కా? అయ్యో, పెద్దమ్మ సుత వచ్చిందా,” అని నవ్వి, చివరి మోపు లోపలికి తీసుకుపోయింది. ఖాళీ బొంగులు, బూడిదరంగు బండలు మిగిలాయి. లక్ష్మీనర్సమ్మ నుదుటి మీంచి పసుపు దిగిపోయింది. బుగ్గల మీంచి దిగిపోయింది.

కళ్లలోంచి మాత్రం పోలేదు.

సునంద ఇంకోసారి చూసింది. నూలు నీడ ఇంకా తన కళ్లలోనే ఉందేమోనని ఒకసారి గట్టిగా మూసి తెరిచింది. అత్తగారి తెల్లగుడ్డు తెల్లగా లేదు. మూల నుంచి నల్లగుడ్డు దాకా, నానబెట్టిన కందిపప్పు నీళ్ల రంగు. ఇంట్లో పగలూ ట్యూబులైటే కాబట్టి ఎవరికీ కనిపించలేదు. అరచేతుల దురద గుర్తొచ్చింది. వదిలేసిన అన్నం గుర్తొచ్చింది. నాలుగు దినాలుగా అత్తగారు స్నానాల గదిలో, మూత్రం రంగు ఎవరికీ కనపడొద్దన్నట్టు, తానే బకెట్లతో నీళ్లు గుమ్మరించి వస్తోంది, తన తర్వాత వెంటనే ఎవర్నీ పోనివ్వట్లేదు. అదీ గుర్తొచ్చింది.

“అత్తమ్మా, జర నా దిక్కు తిరుగుండ్రి. మీదికి చూడుండ్రి.”

“ఏంది?”

“మీ కండ్లు పచ్చగున్నయి.”

“నూలు పచ్చ అది.”

“నూలు తీసేసిండ్రు.”

లక్ష్మీనర్సమ్మ కిటికీ దగ్గర్నుంచి తప్పుకుని పీట మీద కూర్చుంది. చేతులు కొంగు కింద దాచుకుంది. కొంగు కింద అవి ఇంకా కదులుతూనే ఉన్నాయి.

“నాకెరికే,” అంది. “మీ మామకు గిట్లనే మొదలాయె. కండ్లు పచ్చబడ్డయని పట్నం దవాఖానకు నడుచుకుంట పోయిండు. వచ్చేటప్పుడు నలుగురు మోసుకొచ్చిండ్రు. నేను పోను. రఘునాథపల్లిల ఎవలో పసరు పోస్తరట, స్రవంతి వచ్చినంక ఆడికి పోత.”

“గిది పసరుతోని పోయేది కాకపోతె? పరీక్ష చేపియ్యాలె అత్తమ్మా. ఇయ్యాల్నే చెప్త ఆయనకు.”

“చెప్పవు.” ఆమె తలెత్తింది. “ఇగో ఇను. దస్రు రాంగనే ఆపుమంట. కట్టినయి సుత ఊడపీకుమంట. ఎవలేమన్న నేను చెప్పుకుంట. నీ కిటికి నీకుంటది, నీ ఇష్టమున్నంతసేపు చూసుకో. గీ ముచ్చట మటుకు వెంకట్రాం చెవుల పడొద్దు.”

“చెప్తె?”

“చెప్తె నేను సుత చెప్త. వాడు చేతులు లేపింది, నువ్వు ఏలు చూపిచ్చింది. ఇన్ని దినాలు నా కడుపుల పెట్టుకున్న. వాడు నా కొడుకు పిల్లా. ఎవల మాట ఇంటడో నీకెరికే.”

దుకాణం వైపు నుంచి అడుగుల చప్పుడు వినిపించింది.

సునంద కిటికీ వంక చూసింది. మూరెడు ఆకాశం మిగిలి ఉంది. అందులో పొద్దు వాలే ముందరి వెలుతురు, లోపలి నుంచి వెలిగించినట్టు. రేపు కళావతి ఆకుపచ్చ వేస్తుంది, ఎల్లుండి దానిమ్మ అంచు. ఏమీ మాట్లాడకపోతే చాలు, అదంతా తనది. అయితే ఆ కిటికీ దగ్గర నిలబడ్డ ప్రతిసారీ పక్కనే ఆ పచ్చని కళ్లుంటాయి. ఏ రంగూ ఒంటరిగా ఉండదు. ఇక అక్కడి నుంచి చూసే ఏ రంగయినా ఆ పసుపు పక్కనే చూడాలి.

కిటికీ ఉంచుకుని చెబితే, కిటికీ మూయకుండా ఆపడానికే అత్తకు రోగం అంటగట్టింది అంటారు. పోగొట్టుకుని చెబితేనే ఆ మాటకు బరువుంటుంది. ఆమెకు తోచిన దారి అదొక్కటే.

వెంకట్రాం లోపలికి వచ్చాడు, వెనక దస్రు. “ఇంకా గింతే అయిందా?”

“ఉండనీ బిడ్డా,” అంది లక్ష్మీనర్సమ్మ, కోడలి మీంచి చూపు తిప్పకుండానే. “ఇల్లంత చీకటైతున్నది. సిద్ధాంతిని ఇంకోపారి అడుగుదాం. కట్టినయి తీసెయ్యమను.”

వెంకట్రాం తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. “అత్తాకోడండ్లు ఒక్కటైండ్రా ఏంది? అమావాస్యకు ముందుగాల్నే గ్రహణం పట్టినట్టున్నది.”

దస్రు తాపీ పట్టుకుని ఎవరు చెబుతారా అని నిలబడ్డాడు.

“దస్రన్నా,” అంది సునంద. “కట్టు.”

“అక్కా?”

“మొత్తం మూసెయ్యి.”

లక్ష్మీనర్సమ్మ కొంగు కింద చేతులు ఆగిపోయాయి. దస్రు సేటు వంక చూశాడు. వెంకట్రాం భుజాలెగరేశాడు. ఇటుక మీద ఇటుక పడింది. ఆకాశం మూరెడు నుంచి జానెడయింది, జానెడు నుంచి బెత్తెడయింది. చివరి ఇటుక వెనక సన్నని వెలుతురు గీత ఒకటి ఉండింది. దస్రు మాలుతో దాన్నీ రుద్దేశాడు. సామాను సంచిలో వేసుకుని, సునంద ముఖం వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

వంటింట్లో ఎవరికి ఎవరూ కనిపించడం లేదు. ఆ చీకట్లోనే సునంద మాట్లాడింది.

“ఇగో, వింటున్నరా. అత్తమ్మకు కండ్లు పచ్చబడ్డయి. దురద సబ్బుతోని కాదు. మామయ్యకు వచ్చినట్టే ఉన్నది. పొద్దుగాల్నే దవాఖానకు తోల్కపోవాలె.”

“ఏంది?” వెంకట్రాం తడుముకుని స్విచ్చు వేశాడు. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. అతను వంగి తల్లి గడ్డం పట్టుకుని, రెప్పలు కిందికి లాగి ఒక కన్ను చూశాడు, రెండో కన్ను చూశాడు. “ఏమున్నది? తెల్లగనే ఉన్నయి కద.”

“గీ లైటుకు కనపడది. వాకిట్లకు తోల్కపోయి చూడుండ్రి. ఇంకా జరంత వెలుగున్నది, జల్ది పోవాలె.”

“కామెర్లోనికి లోకమంత పచ్చగ కనిపిస్తదంటరు,” అన్నాడు వెంకట్రాం చిరాకుగా. “దినమంత పచ్చనూలు చూసి చూసి నీకే గట్ల కనిపిస్తున్నట్టున్నది.”

“ఒక్కపారి బయటికి తీస్కపోండ్రి. గంతే అడుగుతున్న.”

అతను తటపటాయించాడు. సునంద ఎప్పుడూ దేనికీ ఇంతగా పట్టుబట్టదు. పట్టుబట్టిన కిటికీని కూడా ఇప్పుడే తన నోటితో మూయించింది. తల్లి వైపు చెయ్యి చాపాడు. “లే అమ్మా. ఒక్క నిమిషం, బయటికి పోయొద్దాం.”

లక్ష్మీనర్సమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని లేవలేదు. అతన్నే కిందికి లాగింది.

“కూసో కొడుకా. బయటికి తర్వాత పోదాం. గా కిటికి ఎందుకు మూయిపిచ్చిన్నో నీకు ముందుగాల చెప్పాలె.”

వెంకట్రాం తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తడి గోడ అవతల కళావతి ఎవరినో పిలిచింది. జనగామ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఒక మగగొంతు పలికింది. వెంకట్రాం తలెత్తి మొదట గోడను, తర్వాత సునందను చూశాడు.

ట్యూబులైటు కింద ముగ్గురి కళ్లూ ఒక్కలాగే తెల్లగా ఉన్నాయి.